కోతయంత్రములు మొదలగు పెనుయంత్రములను బాటమీద తరలించు విధము

వరికోత యంత్రమును పిలిపించు రైతు దాని పనితనమును గూర్చి అనేక ప్రశ్నలు వేయును. గంటకు బాడుగ యెంత, ఎకరమునకు ఎంత కాలము పట్టును, గింజ పగులునా, గడ్డి పశువులకు పనికివచ్చునా యని విచారించును. అయితే ఆ యంత్రము ఏ వంతెన దాటి వచ్చును, ఏ కరెంటు తీగల క్రిందుగా వచ్చును, పగలు వచ్చునా రాత్రి వచ్చునా యని విచారించువారు అరుదు. యంత్రము బాటలో చిక్కువడినయెడల పండిన పైరు పొలములోనే నిలిచిపోవును. యాసంగి కోతల దినములలో మబ్బు పట్టెనేని ఒక్క దినపు ఆలస్యమే ఏడాది కష్టమును నీటిపాలు చేయును. అంతకు మించి తీగ తగిలినను వంతెన కూలినను నష్టము ధాన్యముతో పోదు, ప్రాణములతో పోవును. కావున హార్వెస్టరు, జేసీబీ, పొక్లెయిను, బోరుబండి మొదలగు పెద్దయంత్రములను గ్రామమునకు రప్పించుకొను రైతులును, స్వంతముగా కలిగియున్న రైతులును తెలిసికొనవలసిన సంగతులు ఈ కరపత్రమున వివరింపబడుచున్నవి.

ఒక సంగతి మొదటనే చెప్పుట యుక్తము. పెద్దరోడ్డుమీద యంత్రమును తెచ్చు భారము డ్రైవరుది, బండి యజమానిది. ఆ రోడ్డు వారికి తెలిసినదే. కాని పెద్దరోడ్డు దిగిన తరువాత పొలము వరకు గల రెండు మూడు కిలోమీటర్ల బాట రైతునకు తప్ప అన్యులకు తెలియదు. అపాయములలో అనేకములు ఆ కొద్దిపాటి దూరముననే పొంచియుండును. ఆ బాటను ముందుగా చూచి కొలువవలసినవాడు రైతే గాని పంజాబునుండియో పొరుగు జిల్లానుండియో వచ్చిన డ్రైవరు కాడు.

కొలతలు

మోటారు బండ్లను గూర్చిన 1939 సంవత్సరపు చట్టమునకు బదులుగా 1988 సంవత్సరపు చట్టము 1989 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దానిని అనుసరించి కేంద్రప్రభుత్వము 1989లో నియమములు చేసినది. బండ్ల కొలతలు ఆ నియమములలో 93వ దానియందు కలవు. సామాన్యముగా బండి వెడల్పు 2.6 మీటర్లకు, అనగా ఎనిమిదిన్నర అడుగులకు మించరాదు. సరకు లారీ ఎత్తు 2020లో సవరించిన ప్రకారము నేలనుండి 4 మీటర్లు, అనగా పదమూడడుగులు. జేసీబీ వంటి రబ్బరుచక్రముల త్రవ్వుడు యంత్రములకు 3 మీటర్ల వెడల్పు వరకు సెలవు కలదు గాని, 2.6 మీటర్లకు మించిన భాగము ముందు వెనుకల పసుపు నలుపు చారలతో రంగు వేయబడి, రాత్రివేళ ఎఱ్ఱదీపములతో కనబడునట్లు ఉండవలెను.

ఇక మన యంత్రముల సంగతి చూతము. చక్రముల హార్వెస్టరునకు ముందుండు కటరుబారు పలుచోట్ల 14 అడుగుల వెడల్పు గలది. ప్రధానమంత్రి గ్రామసడక్ పథకము క్రింద వేయబడు తారురోడ్డు సామాన్యముగా 3.75 మీటర్లు, అనగా పన్నెండడుగుల పైచిల్లర. తారుకంటె కటరుబారే వెడల్పన్నమాట. అట్టి యంత్రము కటరుబారుతోనే రోడ్డెక్కినయెడల ఎదుట వచ్చు బండికి, సైకిలువానికి, బడినుండి వచ్చు పిల్లలకు దారి యుండదు. కటరుబారును విప్పి, దాని చిన్న ట్రాలీపై పొడవుగా పెట్టి వెనుక కట్టి లాగుట సరియైన పద్ధతి. విప్పుటకు, మరల బిగించుటకు అరగంట పట్టునని కొందరు డ్రైవర్లు బద్ధకింతురు. పొరుగు పొలమునకే గదా యని రైతు కూడ ఊరకుండును. ఊరకుండరాదు.

పొక్లెయిను సంగతి వేరు. ఇరువది టన్నుల తరగతి పొక్లెయిను ఇనుపపట్టాలపై నడచునది గనుక రోడ్డుమీద నడపదగినది కాదు, నడపినచో తారు చీరుకొనిపోవును. దానిని ట్రెయిలరుపై ఎక్కించి తేవలెను. దాని పట్టాల వెడల్పు 2.8 మీటర్లుండుట సామాన్యము. ట్రెయిలరు 2.6 మీటర్లే యైనచో ఇరుప్రక్కల జానెడు లోపు పట్టా వెలుపలికి వచ్చును. ఎత్తు కూడ గమనింపవలెను. యంత్రము 3 మీటర్లు, ట్రెయిలరు పలక నేలనుండి 1 మీటరు, వెరసి 4 మీటర్లు. అనగా వెడల్పున హద్దు దాటినది, ఎత్తున హద్దును తాకుచున్నది. చూపునకు చిన్నదిగా తోచు ఈ జానెడే చట్టములో ప్రత్యేకానుమతిని కోరునది.

చైను మిషను అని మనవారు పిలుచు రబ్బరుపట్టాల హార్వెస్టరు చిన్నది, తేలికది. బురదపొలములకు అదియే తగినది. దానిని టిప్పరులో గాని లారీలో గాని ఎక్కించి తెచ్చుట వాడుక. లారీ పలకపై నిలువబడినప్పుడు దాని పైకప్పు, ధాన్యము పోయు గొట్టము ఎంత యెత్తునకు పోవునో ఎక్కించిన తరువాతనే కొలువవలెను. విడిగా కొలిచిన ఎత్తు లెక్కకు రాదు.

అనుమతి యెప్పుడు, ఎవరినుండి

సరకు బండి ప్రక్కలకు గాని, ముందునకు గాని, వెనుకకు గాని, హద్దుమీరిన ఎత్తునకు గాని సరకు పొడుచుకొని వచ్చినయెడల మోటారు బండ్ల చట్టము 194వ సెక్షనులో 2019 సవరణచే చేర్చబడిన భాగము ప్రకారము ఇరువదివేల రూపాయల జుల్మానా కలదు. సరకును దింపించు ఖర్చు దీనికి అదనము. సరకు సరిచేయువరకు బండిని కదలనీయరు. బరువు ఎక్కువైనచో ఇరువదివేలును, మించిన ప్రతి టన్నుకు రెండువేలును చట్టమున వ్రాయబడినవి. తూకమునకు ఆపక పోయినవానికి నలుబదివేలు. రోడ్డుమీదనే చెల్లించి రాజీపడు మొత్తములను ఆయా రాష్ట్రప్రభుత్వములు నిర్ణయించును. చట్టపుమాటలను రైతు గమనింపవలెను. నడిపినవాడు మాత్రమే గాక, నడిపించినవాడును, నడుపుటకు ఒప్పుకొన్నవాడును శిక్షార్హుడని యున్నది. స్వంత ట్రాక్టరును, ట్రాలీని ఇతరులకిచ్చిన రైతు ఈ మాటను మనసున నుంచుకొనవలెను.

ఆ సెక్షనులోనే మినహాయింపును కలదు. ఒకానొక నిర్ణీతమైన సరకును మోయుటకు ప్రభుత్వముచే అధికారము పొందిన అధికారి మినహాయింపు నిచ్చియున్నచో ఈ జుల్మానా వర్తింపదు. అనుమతికి మూలమిదియే. ఇందు రైతులు పొరబడు స్థలమొకటి కలదు. ఈ మినహాయింపు విడదీయరాని వస్తువునకే ఉద్దేశింపబడినది. పొక్లెయినును రెండుగా కోసి తేలేము, రైసుమిల్లు బాయిలరును ముక్కలు చేయలేము. గడ్డిమోపులు, చెఱకుకట్టలు, సర్వెకఱ్ఱలు అట్టివి కావు. రెండు దఫాలుగా తోలుకొనవచ్చును. ట్రాలీకి ఇరుప్రక్కల గడ్డి వ్రేలాడగట్టి, వెనుక దీపములు సైతము కనబడకుండ రాత్రివేళ రోడ్డుమీద తోలుటకు ఏ అధికారియు అనుమతి నీయడు. ఇచ్చునని యెవరైన చెప్పినచో నమ్మరాదు.

దరఖాస్తు చేయవలసినవాడు బండి యజమాని. రాష్ట్రపు రోడ్లకు రవాణాశాఖ యందును, జాతీయ రహదారుల మీద హద్దుమీరిన బరువులకు కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ యందును అనుమతి పొందవలెను. దరఖాస్తుతో బండి రిజిస్ట్రేషను, యోగ్యతాపత్రము, బీమా, యంత్రమును ఎక్కించిన తరువాతి పొడవు వెడల్పు ఎత్తులు, మొత్తము బరువు, ఏ దారిన ఏ తేదీలలో పోవునది చూపవలసియుండును. అనుమతిపత్రమున సామాన్యముగా దారి, వేళ, వేగము, ఎఱ్ఱజెండాలు దీపములు, ముందు వెనుకల తోడుబండి మున్నగు షరతులు వ్రాయబడును. పత్రమున వ్రాసిన దారినే పోవలెను. దగ్గరి త్రోవయని వేఱుదారి పట్టినచో ఆ పత్రము చేతిలో నున్నను లేనట్లే. బాడుగ మాటలాడునప్పుడే రైతు అనుమతిపత్రపు నకలును అడిగి చూచుకొనుట మంచిది. దానియందు తన గ్రామపు బాట చేరియున్నదా లేదా యనునది ముఖ్యము. పలుమార్లు పెద్దరోడ్డు వరకే వ్రాసియుండును.

డ్రైవరు లైసెన్సును గూర్చి ఒక మాట. ట్రాక్టరు ఖాళీబరువు 7,500 కిలోలకు మించనంతవరకు తేలికబండి లైసెన్సు చెల్లును. పెద్ద హార్వెస్టర్లు అంతకు మించి తూగునవి కలవు గనుక లైసెన్సుపై ఏ తరగతి వ్రాయబడినదో చూడవలెను. లైసెన్సు సరిలేనియెడల ప్రమాదము జరిగినప్పుడు బీమా కంపెనీతో తగవు తప్పదు.

కరెంటు తీగలు

ఈ కరపత్రమున రైతులు ముఖ్యముగా చదువవలసిన భాగమిది.

విద్యుత్తు నిబంధనల ప్రకారము రోడ్డును అడ్డముగా దాటు తీగలు నేలనుండి, ఇండ్లకు పోవు లైనైనచో 5.8 మీటర్లు, 11 వేల వోల్టుల లైనైనచో 6.1 మీటర్లు ఎత్తున నుండవలెను. కాని రోడ్డు కాని చోట, అనగా పొలములలో, 11 వేల వోల్టుల వరకు గల తొడుగులేని తీగలకు 4.6 మీటర్లు చాలును. అనగా పదిహేనడుగులు. రోడ్డుమీద సుఖముగా తీగ క్రింద పోయిన యంత్రము పొలములో అడుగిడగానే నాలుగైదడుగులు తక్కువ ఎత్తున తీగను ఎదుర్కొనునన్నమాట. ఇది నిబంధన ప్రకారము సరిగానున్న లైను మాట. ఎండకాలమున తీగ సాగి క్రిందికి వ్రేలాడును. స్తంభము ఒరిగిన చోట ఇంకను క్రిందికి దిగును. నాలుగు మీటర్ల ఎత్తుగల హార్వెస్టరు అట్టి తీగ క్రింద పోవునప్పుడు దాని పైకప్పుపై కూర్చున్న కుఱ్ఱవాని తల యెక్కడ నుండునో రైతు ఊహించుకొనవలెను. పదకొండువేల వోల్టుల తీగకు తగులనక్కరలేదు, మిక్కిలి సమీపించినను విద్యుత్తు దుముకును.

పల్లెలలో ఒక దురాచారము కలదు. తీగ క్రిందుగా నున్నచో క్లీనరు యంత్రముపై కెక్కి వెదురుకఱ్ఱతో తీగను పైకెత్తును, యంత్రము మెల్లగా దాటును. ఇట్లు పదిమార్లు ఏమియు కాదు. పచ్చి వెదురును, మంచుకు తడిసిన వెదురును విద్యుత్తును మోయును. పదునొకండవమారు ఆ వెదురు తడిదగును. అట్టి పని చేయుటకు ఎవరిని ఎన్నటికిని అనుమతింపరాదు. ముందుదినమే లైన్‌మనునకు చెప్పి, లైన్‌క్లియరు తీసికొని, కరెంటు ఆపివేసినట్లు అతని నోటినుండి విన్న తరువాతనే యంత్రమును దాటించవలెను. ఇంట దీపము ఆరినదని నమ్మి కదలరాదు, ఆ దీపము వేఱు లైనుది కావచ్చును. వ్రేలాడు తీగలను గూర్చి 1912 అను నంబరునకు ఫోనుచేసి ఫిర్యాదు వ్రాయించవచ్చును. కోతలకు నెలదినములు ముందుగా చేసినచో పని జరుగుటకు వ్యవధి యుండును.

ఒకవేళ తీగ తగిలినయెడల డ్రైవరు లోపలనే కూర్చుండవలెను. లోహమును, నేలను ఒకేమారు తాకినవాడే చచ్చును. ఇతరులు పది మీటర్ల లోపలికి రాకుండ కేకవేసి ఆపవలెను. యంత్రమునకు నిప్పంటుకొని దిగక తప్పనిచో, యంత్రమును పట్టుకొనక రెండు పాదములు జతగా నేలపై పడునట్లు దుమికి, పాదములు ఎడము కాకుండ చిన్నగా జరుపుకొనుచు దూరము పోవలెను. తీగ పడిన నేలయందు అడుగు అడుగునకు విద్యుత్తు ఒత్తిడి మాఱును గనుక ఒక కాలు ఇటు ఒక కాలు అటు వేసి పరుగెత్తినచో ఆ రెండు కాళ్ళనడుమనే విద్యుత్తు ప్రవహించును. పడినవానిని లాగబోయి వెనువెంట మరొకడు పడుట పల్లెలలో తఱచుగా జరుగు ఘోరము.

వంతెనలు, తూములు, కట్టలు

నిండుగ నింపిన జోడెద్దుల బండి టన్నుకు అటునిటు తూగును. పాత కాలువల మీద పొలములకు పోవుటకు కట్టిన చిన్నవంతెనలు అట్టి బండ్లను తలచి కట్టినవి. చక్రముల హార్వెస్టరు ఎనిమిది తొమ్మిది టన్నులు తూగును. ఆ బరువులో అధికభాగము ముందు ఇరుసుపైననే నిలుచును. ఇరువది టన్నుల పొక్లెయిను, దానిని మోయు ట్రెయిలరు, లాగు లారీ కలిసినచో ముప్పది టన్నులు దాటును. బరువు ఎంతయని ఊహించుట కాదు, రిజిస్ట్రేషను పత్రమునను, యంత్రమునకు బిగించిన రేకునను వ్రాసియుండును, చదువవలెను. 2018లో ఇరుసుల బరువు హద్దులను పెంచి నాలుగు టైర్ల ఇరుసుకు పదకొండున్నర టన్నులు చేసిరి. రోడ్డుకు ఆ హద్దు పెరిగినంతమాత్రమున ఊరిబయటి పాతతూమునకు బలము పెరుగలేదు.

పిట్టగోడ చీలియున్నను, నడుమ తారు క్రుంగియున్నను, క్రింద రాళ్ళసందున సున్నము రాలిపోయినను, గొట్టముల తూమునకు మీది మట్టి కొట్టుకొనిపోయినను ఆ వంతెనను నమ్మరాదు. చూపునకు బాగుగానున్న వంతెన బలమైనదనియు చెప్పజాలము. వంతెన ఎవరిదో వారిని అడుగవలెను. రాష్ట్రపు రోడ్డైనచో రోడ్లు భవనముల శాఖ, గ్రామపు రోడ్డైనచో పంచాయతిరాజ్ ఇంజనీరు, కాలువ వంతెన, కాలువకట్ట, చెఱువుకట్ట యైనచో నీటిపారుదల శాఖ. మాటతో సరిపెట్టుకొనక కాగితముపై అర్జీ ఇచ్చి నకలు దగ్గఱ నుంచుకొనుట మేలు. వంతెన తరువాత దెబ్బతిన్నదని తగవు వచ్చినప్పుడు ఆ నకలు పనికివచ్చును.

దాటునప్పుడు ఇతర బండ్లు వంతెనపై లేకుండ ఆపి, యంత్రము నడిమధ్యగా, మనిషి నడకతో, మధ్యలో ఆగక, బ్రేకు వేయక, గేరు మార్చక దాటవలెను. నీరు పాఱుచున్న కాలువకట్ట అంచు మెత్తబడియుండును. ఎండకాలమున నడచిన కట్టయే కదాయని అంచు వెంట పోరాదు. రైలుగేటుల వద్ద తీగ 25 వేల వోల్టులది. గేటునకు ముందు నిలువబడిన ఎత్తుకమ్మికి యంత్రము తగిలెనేని ఆ దారి మూసినట్లే యెంచి వెనుదిరుగవలెను. వంచియో వంగియో పోజూచుట తగదు.

బయలుదేరుటకు ముందు

హార్వెస్టరు తొట్టిలో ధాన్యము లేకుండ ఖాళీచేయవలెను. నిండినతొట్టి బరువును పైకెత్తి, మలుపులలో యంత్రమును ఒరగవేయును. జల్లెడలలోని పొల్లును, గడ్డిని దులిపి శుభ్రము చేయించవలెను. ఇది రోడ్డుకంటె వ్యవసాయమునకు సంబంధించిన మాటయే గాని చెప్పక విడువరాదు. పొరుగూరి కలుపువిత్తనములును, వేఱురకపు వడ్లును ఆ పొల్లుతోడనే మన పొలమునకు వచ్చును. విత్తనపు పంట వేసిన రైతులు దీనిని మఱింత గట్టిగా అడుగవలెను.

ట్రెయిలరుపై ఎక్కించునప్పుడు గట్టినేల, చదునైన చోటు, పైన తీగలులేని స్థలము చూడవలెను. యంత్రమును నాలుగు మూలల గొలుసులతో బిగించి, చక్రములకు పట్టాలకు అడ్డుదిమ్మలు పెట్టి, పొక్లెయిను చేతిని పూర్తిగా దింపి కట్టవలెను. త్రాళ్ళు చాలవు. కొంతదూరము పోయిన తరువాత ఆపి, వదులైన గొలుసులను మరల బిగించవలెను.

దమ్ము చేయు దినములలో ట్రాక్టర్లకు బిగించు కేజివీల్సు, అనగా దమ్ముచక్రములు, తారురోడ్డుమీద నడుపరాదు. నియమములు రోడ్డుమీది బండికి గాలిటైర్లను కోరుచున్నవి. ఇనుపచక్రము తారును త్రవ్వి పోయును. ఆ గుంతలలో పడువారు మన గ్రామస్థులే. చక్రములను ట్రాలీలో వేసికొనిపోయి గట్టుమీద బిగించుకొనవలెను.

రాత్రి ప్రయాణము కూడదు. పొద్దుగూకి ఆపవలసి వచ్చినచో యంత్రమును తారు దించి, వెనుక ఎఱ్ఱని మెఱుపు పలకలును, వెలుగుచున్న దీపములును ఉంచవలెను. ఇతరులకు అపాయకరముగా బండిని రోడ్డుపై విడుచుట 122వ సెక్షనుచే నిషిద్ధము. కోతలకాలమున రోడ్డులో సగము వడ్లు ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చుటయు మన యలవాటు. మిగిలిన సగములోనికి పన్నెండడుగుల యంత్రము వచ్చినచో మోటారుసైకిలువాడు రాళ్ళమీదనో యంత్రముమీదనో పడవలసినవాడే. యంత్రము వచ్చు దినమున రోడ్డును ఖాళీచేయించుట దానిని పిలిపించిన రైతు పూచీ.

తీగల ఎత్తులను రైతు తానే కఱ్ఱతో గాని గెడతో గాని కొలువబోరాదు, లైన్‌మనును అడిగి తెలిసికొనవలెను. వంతెనల వెడల్పు, మలుపుల వెడల్పు, బాట ఇరుకైన చోట్లు టేపుతో కొలిచి, ఎక్కడ తీగ దాటునో, ఎక్కడ యంత్రము నిలుపవచ్చునో ఒక కాగితముపై గీసియుంచినచో ప్రతి కోతకు క్రొత్తగా వెదకవలసిన పని యుండదు. డ్రైవరు పెద్దరోడ్డు దిగకముందే ఆ కాగితమును అతని చేతికీయవలెను. అయితే నిరుటి కాగితమును ఈయేడు సరిచూడక ఈయరాదు. క్రొత్త లైను లాగియుండవచ్చును. పాతరోడ్డుపై కంకర పఱచి మరల తారు వేసినప్పుడు నేల పైకి లేచి, తీగ ఎక్కడిదక్కడనే యుండి, నడుమ ఎత్తు తగ్గును. అట్టి చోట్ల లైన్‌మనుచేత మరల కొలిపించి, క్రొత్త సంఖ్యను కాగితముపై తేదీతో వ్రాసికొనవలెను.